వారసత్వంగా వచ్చిన పాత టార్గెట్ పిస్తోలును శుభ్రం చేసి కాపాడుకునే విధానం: సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పాఠకుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. తండ్రిదో తాతదో అయిన .22 టార్గెట్ పిస్తోలు లైసెన్సు బదిలీ పూర్తయి చేతికి వచ్చింది, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టలేదు, దానిని ఎలా శుభ్రం చేయాలి అన్నదే ఆ ప్రశ్న. ఈ వ్యాసం కాగితాలు మొదలుకొని నిల్వ పెట్టె వరకు ఆ పనిని వరుస క్రమంలో వివరిస్తుంది.

ముందుగా ఒక మాట. పాత పిస్తోళ్లు కాల్చడం వల్ల పాడైనవి తక్కువ. మూలన పడి తుప్పు పట్టినవీ, అంతకంటే ఎక్కువగా కొత్తదానిలా మెరిపించాలని అతిగా రుద్దడం వల్ల పాడైనవీ చాలా ఎక్కువ. అందువల్ల ప్రతి దశలోనూ ఎంత చేయాలో చెప్పడంతో పాటు ఎక్కడ ఆపాలో కూడా చెబుతున్నాను.

ఇక్కడ చెప్పిన క్రమం మ్యాగజైను (తూటాలు నింపే పెట్టె) ఉండి, .22 లాంగ్ రైఫిల్ అనే రకం తూటాను కాల్చే సెమీ ఆటోమేటిక్ పిస్తోలుకు, అంటే తదుపరి తూటాను తానే ఎక్కించుకునే రకానికి సంబంధించినది. ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే రకానికి మ్యాగజైను, స్లైడు (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) దశలను వదిలేస్తే మిగిలినదంతా వర్తిస్తుంది.

1. ముందు కాగితాలు, తరువాతే నూనె

లైసెన్సుదారు మరణించిన తరువాత ఆయుధం ఇంట్లోనే ఉంచుకుని "తీరిక దొరికినప్పుడు చూద్దాం" అనడానికి 1959 నాటి ఆయుధాల చట్టం ఒప్పుకోదు. లైసెన్సు లేని వారసులు దానిని ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు వద్ద గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తరువాత 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం వారసుని పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.

2019 సవరణ తరువాత సాధారణంగా ఒక వ్యక్తి పేరిట రెండు తుపాకులకు మించి ఉండరాదు. వారసత్వంగా వచ్చినదానికి కూడా ఈ పరిమితి వర్తిస్తుంది. ఇప్పటికే రెండు ఉన్నవారు మూడవదానిని శుభ్రం చేసే ఆలోచనకు ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

- మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రం సిద్ధంగా ఉన్నాయా?
- పాత లైసెన్సు పుస్తకంలోని నంబరు, పిస్తోలు మీద చెక్కిన నంబరు ఒక్కటేనా?
- స్టేషన్ లేదా డీలరు ఇచ్చిన జమ రసీదు భద్రంగా ఉందా?

శుభ్రం చేసే చేతులు లైసెన్సుదారువే అయి ఉండాలి. ఊళ్లో మంచి పనివాడని పేరున్న లేత్ మిస్త్రీకి గానీ, బైకు మెకానిక్కుకు గానీ పిస్తోలును అప్పగించడం నేరం. విడి భాగాలు కూడా చట్టం దృష్టిలో ఆయుధమే కాబట్టి ఒక్క బారెలునే పంపాను కదా అన్న సమాధానం నిలవదు.

లైసెన్సు రావడానికి నెలలు పట్టవచ్చు. ఆ లోగా ఆయుధం డీలరు వద్ద ఉంటే పైపైన నూనె పట్టించి ఉంచమని అడగండి.

2. ఖాళీగా ఉందని నిర్ధారించుకోవడం

"ముప్పై ఏళ్లుగా ఖాళీగానే ఉంది" అని ఇంట్లో పెద్దలు చెప్పిన మాటను ప్రమాణంగా తీసుకోవద్దు. పిస్తోలును చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ, రెండు నిమిషాల క్రితమే చూసి పక్కన పెట్టినా సరే, ఈ క్రమాన్ని మళ్లీ పాటించాలి.

- మూతిని మనుషులు లేని వైపు, వీలైతే ఇసుక నింపిన బకెట్టు వైపు పెట్టాలి. ట్రిగ్గర్ మీద వేలు ఉండరాదు.
- మొదట మ్యాగజైను తీయాలి. తరువాతే స్లైడును, లేదా కొన్ని మోడళ్లలో దానికి బదులు ఉండే బోల్టును వెనక్కి లాగి నిలపాలి. ఈ వరుస తారుమారైతే మ్యాగజైనులోని తూటా మళ్లీ ఛాంబరులోకి, అంటే కాల్చే ముందు తూటా కూర్చునే బారెలు వెనుక భాగంలోకి ఎక్కుతుంది.
- ఛాంబరులోకి టార్చి వేసి చూడాలి, చిటికెన వేలి కొనతో తడిమి కూడా చూడాలి.
- దొరికిన తూటాలన్నీ ఆ గదిలో నుంచి బయటకు తీసుకువెళ్లాలి.

ఛాంబరులో తూటా ఇరుక్కుని ఉంటే మూతి వైపు నుంచి కడ్డీతో పొడిచి తీసే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. .22 తూటాలో నిప్పు రగిలించే మందు అంచులోనే ఉంటుంది కాబట్టి ఆ అంచు నలిగితే చాలు, తూటా పేలుతుంది. స్లైడు కదలకపోయినా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. రెండు సందర్భాలలోనూ అంతటితో ఆపి, లైసెన్సున్న మరమ్మతుదారుకు కబురు చేసి ఆయన చెప్పినట్లు నడుచుకోండి.

పిస్తోలుతో పాటు దొరికిన పాత తూటాల డబ్బాను కాల్చి చూడవద్దు, బావిలో పారేయవద్దు. వాటిని కూడా రసీదు మీద స్టేషన్‌లోనో డీలరు వద్దనో జమ చేయాలి.

3. స్థలం, సామాను

గాలి ఆడే గది కావాలి, వంటగది పనికిరాదు. కరిగించే ద్రవాల ఆవిరి మంటను అందుకుంటుంది కాబట్టి దీపం, అగరుబత్తి, పొయ్యి దరిదాపుల్లో ఉండరాదు. సీసపు పొడి చేతులకు అంటుతుంది కాబట్టి పిల్లలూ తినుబండారాలూ అక్కడ ఉండరాదు.

మన ఇళ్లలో బల్లగా వాడే కడప బండ మీద నేరుగా పని చేయవద్దు. జారిపడిన భాగం అంచు విరుగుతుంది, ఎగిరిన స్ప్రింగు బండ మీద ఎటు దొర్లిందో దొరకదు. మందపాటి లేత రంగు తువ్వాలు పరిచి, దాని మీద అంచులున్న పళ్లెం పెట్టుకోవాలి.

- .22 కొలత ఇత్తడి కడ్డీ లేదా పూత ఉన్న కడ్డీ. దానికంటే ఛాంబరు వైపు నుంచి లాగే తీగ మేలు.
- .22 కొలత కంచు బ్రష్షు ఒకటి, నైలాన్ బ్రష్షు ఒకటి. స్టీలు బ్రష్షు వద్దు.
- పలుమార్లు ఉతికిన తెల్ల పంచె నుంచి సుమారు 25 మిల్లీమీటర్ల చదరాలుగా కత్తిరించిన గుడ్డ ముక్కలు.
- తుపాకీ బోరు (బారెలు లోపలి రంధ్రం) శుభ్రం చేసే ద్రావకం. అది దొరకకపోతే పెయింట్ల దుకాణంలో అమ్మే మినరల్ టర్పెంటైన్. పెట్రోలు వద్దు.
- పలుచని తుపాకీ నూనె లేదా కుట్టు మిషను నూనె.
- మర గాడిలో వదులు లేకుండా కూర్చునే స్క్రూడ్రైవర్లు, పాత టూత్ బ్రష్షు, పుల్లలు, నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు.
- ఫోను. ప్రతి భాగం విప్పేముందు ఒక ఫోటో తీయాలి.

అనంతపురం వైపు పాఠకులు వేరుసెనగ నూనె వాడవచ్చా అని అడుగుతుంటారు. వాడరాదు. వంట నూనెలు గాలి తగిలి కొన్ని నెలల్లోనే జిగురుగా మారి భాగాలను అతికించేస్తాయి. కొబ్బరి నూనె చలికాలపు తెల్లవారుజామున గడ్డకట్టే అవకాశం కూడా ఉంది. యంత్రాలకు వాడే ఖనిజ నూనె మాత్రమే ఈ పనికి తగినది.

4. ముట్టుకునే ముందు పరిశీలన

మంచి వెలుతురులో పిస్తోలును అన్ని వైపులా చూసి, కనిపించినదంతా రాసుకోవాలి. ఎర్రగా పొడి రాలే తుప్పు ఇప్పుడు తినేస్తున్న తుప్పు. గోధుమ రంగులో గట్టిగా నిలిచి ఉన్నది చాలావరకు కాలంతో వచ్చిన ఛాయ, దానిని తీయవలసిన అవసరం లేదు.

బారెలు వెనుక వైపు తెల్ల కాగితం పెట్టి, దాని మీద టార్చి వేసి, మూతి వైపు నుంచి లోపలికి చూడాలి. విడి తీయని బారెలైతే ఈ పనికి ముందు రెండవ దశను మళ్లీ పూర్తి చేయాలి. మెలికలు తిరిగిన గాడులు స్పష్టంగా ఉన్నాయా, బూడిద రంగు సీసపు చారలున్నాయా, గుంటలున్నాయా గమనించండి.

లోపల నల్లని వలయం ఒకటి అడ్డంగా కనిపిస్తే, శుభ్రం చేసిన తరువాత కూడా అది పోకపోతే, ఆ చోట బారెలు ఉబ్బిందని అనుమానించాలి. ఎప్పుడో లోపల గుండు ఇరుక్కుని ఉండగా మరొకటి కాల్చడం వల్ల అలా జరుగుతుంది. అలాంటి పిస్తోలును శుభ్రం చేసి దాచుకోవచ్చు గాని, మరమ్మతుదారు చూసి చెప్పనిదే కాల్చరాదు.

5. విప్పడం: అవసరమైనంత వరకే

మాన్యువల్‌లో సాధారణ శుభ్రతకు ఎంతవరకు విప్పమన్నారో అంతవరకే విప్పాలి. టార్గెట్ పిస్తోలులో ట్రిగ్గర్ బరువును, దాని ప్రయాణాన్ని సరిచేసే చిన్న మరలు ఉంటాయి. వాటిని కదిపితే తిరిగి సరిచేయడం ఇంటి పని కాదు.

మోడలును బట్టి పద్ధతి మారుతుంది. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41లో స్లైడును వెనక్కి నిలిపి, ట్రిగ్గర్ గార్డును కిందికి లాగితే బారెలు పైకి వస్తుంది. రూగర్ మార్క్ 1లో పిడి వెనుక ఉన్న మెయిన్‌స్ప్రింగు భాగాన్ని తెరిచి బోల్టును తీయాలి. విప్పడం సులువే కాని, తిరిగి పెట్టేటప్పుడు హ్యామర్ (తూటాను పేల్చే పిన్నును కొట్టే భాగం) కడ్డీ సరైన చోట కూర్చోకపోతే మొత్తం ఇరుక్కుంటుంది. ఆ ఒక్క దశను ముందే రెండుమూడుసార్లు చదువుకోవడం మంచిది.

పిడి చెక్కలను ముందుగానే తీసి పక్కన పెట్టాలి, ద్రావకం పడితే వాల్‌నట్ చెక్క మెరుగు పోతుంది. మర తిరగకపోతే బలం చేయకుండా ఒక చుక్క పలుచని నూనె వేసి మరుసటి రోజు వరకు వదిలేయాలి. చెడిన మర తలను బాగుచేయడం కంటే ఒక రోజు ఆగడం తేలిక.

6. బారెలు లోపలి భాగం

ఈ పని మొత్తంలో నిదానం ఎక్కువగా అవసరమైనది ఇక్కడే. గుండు బారెలును వదిలే చివరి చోటు మూతి అంచు, దాని మీద ఒక చిన్న గీత పడినా గురి చెదురుతుంది. అందుకే కడ్డీ మూతిని రాసుకుంటూ వెళ్లరాదు.

బారెలు విడిగా వస్తే ఛాంబరు వైపు నుంచే పని చేయాలి. విడిగా రాని రకమైతే తీగను ఛాంబరు వైపు నుంచి దూర్చి మూతి వైపుకు లాగాలి. కడ్డీ తప్ప వేరే దారి లేకపోతే మూతికి సరిపోయే ఇత్తడి లేదా ప్లాస్టిక్ గైడు వాడాలి.

1. ద్రావకంతో తడిపిన గుడ్డ ముక్కలు రెండు వరుసగా లాగాలి.
2. పది నిమిషాలు నానబెట్టాలి.
3. కంచు బ్రష్షును తడిపి ఎనిమిది నుంచి పదిసార్లు నడపాలి. ప్రతిసారీ బ్రష్షు పూర్తిగా బయటకు వచ్చిన తరువాతే దిశ మార్చాలి, మధ్యలో వెనక్కి తిప్పితే కుచ్చు వంగిపోతుంది.
4. మళ్లీ ఒక తడి ముక్క, ఆ తరువాత పొడి ముక్కలు లాగాలి.
5. సీసపు చారలు మిగిలి ఉంటే మొదటి నుంచి మరొకసారి చేయాలి.
6. చివరగా ఒక్క చుక్క నూనె రాసిన ముక్కను లాగాలి.

.22 తూటాలలో సాధారణంగా ఉండేది సీసపు గుండు, దాని మీద పలుచని మైనం. లోపల పేరుకునేది మైనం, మసి, సీసం కాబట్టి రాగిని కరిగించే అమ్మోనియా ద్రావకాలతో ఇక్కడ పని లేదు. నికెల్ పూత ఉన్న పిస్తోలుకు అవి హాని కూడా చేస్తాయి.

పాత బారెలు నుంచి గుడ్డ ముక్క ఎప్పటికీ పాలలా తెల్లగా రాదు. లేత బూడిద రంగులో వస్తే ఆపండి. గుంటలున్న బారెళ్లు కూడా తరచుగా చక్కగానే గురి నిలుపుతాయి, గుంటలను అరగదీసి పోగొట్టాలని చూస్తే గాడులే పోతాయి.

సీసం మొండికేసినప్పుడు గిన్నెలు తోమే స్టీలు పీచును బ్రష్షుకు చుట్టాలన్న సలహా కొందరు ఇస్తారు. అది బారెలును గీరుతుంది. అసలైన రాగి పీచు అయితే పరవాలేదు, అయితే రాగి రంగు పూసిన ఇనుప పీచు కూడా మార్కెట్లో ఉంటుంది కాబట్టి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది రాగి కాదు.

7. ఛాంబరు, బోల్టు, మ్యాగజైను

ఛాంబరులో మైనం, మసి కలిసి గట్టి పొరగా ఏర్పడతాయి. పొట్టి .22 తూటాలు ఎక్కువగా కాల్చిన పిస్తోలులో ఛాంబరు మధ్యలో వలయంలా పేరుకుంటుంది. కాల్చిన తూటా ఖాళీ తొడుగు బిగుసుకుని బయటకు రాకపోవడానికి అదే సాధారణ కారణం. ద్రావకంలో నానబెట్టి, బ్రష్షును చేత్తో గుండ్రంగా తిప్పితే వదులుతుంది.

బోల్టు ముఖాన్ని, తొడుగును లాగే కొక్కెం కింది భాగాన్ని టూత్ బ్రష్షుతో, పుల్లతో శుభ్రం చేయాలి. సూదులతో గీకవద్దు. తూటా అంచును కొట్టే ఫైరింగ్ పిన్ను కదిలే రంధ్రం పొడిగా ఉండాలి. అక్కడ నూనె పోస్తే మసితో కలిసి బురదగా మారి, పిన్ను దెబ్బ బలహీనమై, తూటా పేలకుండా మిగిలిపోతుంది.

మ్యాగజైనును పొడి గుడ్డతో మాత్రమే తుడవాలి. పైభాగంలో తూటాను పట్టి ఉంచే పెదవులను వంచి సరిచేయాలని చూడవద్దు, తూటా ఎక్కే కోణం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

8. పైభాగం: తుప్పు, నల్లపూత, పిడి

బ్లూయింగ్ అనే నల్లపూత పైన రాసిన రంగు కాదు, ఇనుము పైపొరనే మార్చి తెచ్చిన పలుచని పొర. పులుపు ఏది తగిలినా అది కరిగిపోతుంది. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో, నిమ్మచెక్కతో, గిన్నెలు మెరిపించే పొడితో పిస్తోలును తోమితే ఒక్క పూటలో తెల్లని ఇనుము బయటపడుతుంది. దుకాణాల్లో దొరికే తుప్పు తొలగించే ద్రవాలు చేసేదీ అదే.

ఎర్ర తుప్పుకు పద్ధతి వేరు. ఆ చోట ధారాళంగా నూనె రాసి కొన్ని గంటలు వదిలి, మెత్తని రాగి ముక్క అంచుతో తేలికగా గీకి, గుడ్డతో తుడవాలి. మిగిలితే మళ్లీ నూనె, మళ్లీ రాగి ముక్క. తుప్పు పోయిన చోట చిన్న గుంట మిగిలిపోవచ్చు, దానిని అలాగే ఉండనివ్వాలి.

ఎమెరీ కాగితం ఇంట్లో ఉంటే దూరంగా పెట్టండి. అరగదీసేటప్పుడు నంబరు గాని, తయారీదారు ముద్ర గాని చెరిగితే అది అందం చెడటంతో పోయేది కాదు. గుర్తింపు చిహ్నాలను చెరపడం, మార్చడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం.

వాల్‌నట్ పిడిని పొడి గుడ్డతో తుడిచి, రెండు చుక్కల అవిసె నూనె అరచేతితో రుద్ది, మరునాడు మిగులును తుడిచేయాలి. నూనె నానిన గుడ్డను ఉండగా చుట్టి మూల పడేయవద్దు. అవిసె నూనె ఆరుతూ వేడెక్కి దానంతట అదే అంటుకోగలదు కాబట్టి ఆ గుడ్డను నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టాలి.

9. నూనె ఎంత?

అగ్గిపుల్ల కొనకు అంటినంత. స్లైడు జారే గాడులకు, హ్యామర్ తిరిగే ఇరుసుకు ఒక్కొక్క చుక్క చాలు. పైభాగానికి నూనె అద్దిన గుడ్డతో ఒకసారి తుడిస్తే సరిపోతుంది.

ఇది మన నేలకు మరీ ముఖ్యం. అనంతపురం ఎర్రమట్టి ధూళి, కర్నూలు నల్లరేగడి ధూళి గాలిలో తేలుతూ వచ్చి నూనె ఎక్కువైన చోటల్లా అంటుకుని, కదిలే భాగాల మధ్య సానరాయిలా అరగదీస్తాయి.

10. బిగించి పరీక్షించడం

ఫోటోలను వెనుక నుంచి ముందుకు చూసుకుంటూ బిగించాలి. ఈ పరీక్షలన్నీ తూటాలు లేని గదిలో, మళ్లీ ఒకసారి ఖాళీ అని చూసుకున్న తరువాతే చేయాలి.

- స్లైడు చివరిదాకా వెళ్లి, తనంతట తాను పూర్తిగా మూసుకుంటున్నదా?
- సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ కదలకుండా ఉన్నదా?
- స్లైడును గట్టిగా మూసినప్పుడు హ్యామర్ దానంతట అది పడిపోతున్నదా? పడితే ఆ పిస్తోలు కాల్చడానికి పనికిరాదు.
- ట్రిగ్గర్ మునుపటి కంటే మరీ తేలికగా అనిపిస్తున్నదా? అంతర్జాతీయ పోటీలలో 25 మీటర్ల స్టాండర్డ్ పిస్తోలుకు కనీస బరువు 1000 గ్రాములు. వెయ్యి గ్రాముల బరువును ట్రిగ్గరుకు వేలాడదీసి పైకెత్తితే హ్యామర్ పడకుండా నిలవాలి.

ఖాళీ ఛాంబరు మీద ట్రిగ్గర్ పదేపదే నొక్కవద్దు. చాలా .22 పిస్తోళ్లలో అలా చేస్తే పిన్ను ఛాంబరు అంచును కొట్టి గంటు పెడుతుంది. పరీక్షకు డమ్మీ తూటా గాని, కాల్చేసిన ఖాళీ తొడుగు గాని వాడాలి.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ఆయుధ పూజ తరువాత తుడవకపోవడం. విజయదశమి నాడు పెట్టిన తడి పసుపు, కుంకుమ, గంధం, నిమ్మరసం చుక్క మరునాటికే నల్లపూత మీద మచ్చ వేస్తాయి. బొట్టును పెట్టెకు పెట్టండి. పిస్తోలుకే పెట్టాలని పెద్దలు పట్టుబడితే అదే సాయంత్రం నూనె గుడ్డతో తుడవండి.

కూలర్ ఉన్న గదిలో ఉంచడం. మన వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పు భయం లేదనుకుంటారు. కాని నీళ్ల కూలర్ నడిచే గదిలో తేమ వానాకాలాన్ని తలపిస్తుంది. బీరువాను వేరే గదికి మార్చండి.

తోలు సంచిలో దాచడం. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, దానిని పదును చేసిన రసాయనాలు ఇనుమును తింటాయి. సంచిని విడిగా దాచండి.

నూనె ఉన్న బారెలుతో కాల్చడం. కాల్చే రోజున ముందుగా ఒక పొడి గుడ్డ ముక్కను లాగాలి. శుభ్రం చేసిన తరువాత మొదటి కొన్ని గుండ్లు గురి తప్పడం .22లో సహజం, సైటు మరలను వెంటనే తిప్పవద్దు.

12. నిల్వ, తనిఖీ, ఎన్నికలప్పుడు ఆయుధం జమ

పొడి గుడ్డలో గాని, తుప్పును నిరోధించే వీసీఐ కాగితంలో గాని చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు తాళం వేసే ఇనుప పెట్టెలో ఉంచాలి. తూటాలు వేరే తాళం కింద ఉండాలి. వానలు పడే నెలల్లో పదిహేను రోజులకొకసారి, మిగిలిన కాలంలో నెలకొకసారి తీసి, వేలిముద్రలు తుడిచి, నూనె గుడ్డతో ఒకసారి రాసి పెట్టేయాలి. ప్రతిసారీ విప్పవలసిన పని లేదు.

ఎన్నికలు వచ్చినప్పుడు ఉత్తర్వుల మేరకు లైసెన్సు ఆయుధాలను స్టేషన్‌లో జమ చేయడం మన జిల్లాల వారికి కొత్త కాదు. ఆ కాలమంతా పిస్తోలును తుడిచేవారు ఉండరు కాబట్టి ఇచ్చే ముందే సిద్ధం చేయాలి.

- బారెలు లోపల, బయట మామూలు కంటే మందంగా నూనె రాయాలి.
- తోలు సంచి లేకుండా, వీసీఐ కాగితంలో చుట్టి ఇవ్వాలి.
- పేరు, లైసెన్సు నంబరు రాసిన చీటీని లోహానికి తగలకుండా పొట్లానికి కట్టాలి.
- నాలుగు వైపులా ఫోటోలు తీసి, రసీదు మీద నంబరు సరిగా రాశారో లేదో అక్కడే చూసుకోవాలి.
- తిరిగి తీసుకున్న రోజునే రెండవ దశ నుంచి మొదలుపెట్టి, ఆ మందపు నూనెను తుడిచి, బారెలులోకి టార్చి వేసి చూడాలి.